పాత ల్యాప్‌టాప్‌లో పెద్ద గేమ్ ఆడొచ్చా? కొత్తది కొనేముందు ఈ లెక్క చూడండి



ఈరోజు ఎపిసోడ్ ఎవరికోసం అంటే, ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ల్యాప్‌టాప్. అదీ అన్నయ్యో అక్కో బీటెక్‌లో వాడి వదిలేసింది. దాంట్లో జీటీఏ 5 ఓపెన్ చేస్తే గేమ్ కాస్తా ఫొటో ఆల్బమ్ లాగా కదులుతుంది. "ఛ, దీని బతుకింతే" అని మూత మూసేసి మళ్ళీ ఫోన్ పట్టుకున్నవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళకోసం. గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు కూడా వినొచ్చు, కానీ ఇవాళ్టికి మీరు గెస్టులు.

నాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువసార్లు కనిపించే ప్రశ్న ఒకటే. "అన్నా, ఐ3, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డ్ లేదు. ఈ గేమ్ నడుస్తుందా?" దీనికి అవును అనో కాదు అనో ఒక్క ముక్కలో చెప్పలేను. ఎందుకంటే "నడవడం" అంటే ఏంటో ముందు మనం తేల్చుకోవాలి.

గేమ్ అంటే వరసగా గీసే బొమ్మలు, అంతే. ఒక్కో బొమ్మని ఫ్రేమ్ అంటాం. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే మీ కంప్యూటర్‌కి ఒక్కో బొమ్మకి దొరికే టైమ్ 16.6 మిల్లీసెకన్లు. 30 ఫ్రేములు చాలు అనుకుంటే 33 మిల్లీసెకన్లు. అంటే మీరు "60 వద్దు, 30 చాలు" అన్న మరుక్షణం, రూపాయి ఖర్చు లేకుండా మీ పాత మెషీన్‌కి డబుల్ టైమ్ ఇచ్చేశారు. థియేటర్‌లో మనం చూసే సినిమా సెకనుకి 24 ఫ్రేములే. గేమ్‌కి అది సరిపోదు, ఎందుకంటే మనం బటన్ నొక్కి రియాక్షన్ కోసం చూస్తుంటాం. కానీ స్టోరీ గేమ్‌కి కదలకుండా నిలబడే 30 చాలు. 25కీ 55కీ మధ్య ఎగిరెగిరి పడే ఎఫ్‌పీఎస్ కంటే, నిలకడగా ఉండే 30 కంటికి హాయిగా ఉంటుంది. అందుకే గేమ్‌లో ఫ్రేమ్ లిమిట్ ఆప్షన్ ఉంటే ముందు 30కి లాక్ చెయ్యండి. ఇది మొదటి పాయింట్.

సరే, లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పొద్దున్నే రద్దీగా ఉండే టిఫిన్ సెంటర్ ఊహించుకోండి. కౌంటర్‌లో ఒకాయన ఉంటాడు, "టేబుల్ మూడుకి రెండు ప్లెయిన్, ఐదుకి ఒక ఉల్లి" అని అరుస్తూ ఉంటాడు. ఆయన సీపీయూ. పెనం దగ్గర దోశలు వేసే మాస్టర్ ఉంటాడు. ఆయన జీపీయూ. మాస్టర్ చేతికి అందేలా గట్టు మీద పెట్టుకున్న పిండి, కూర, చట్నీ గిన్నెలు ర్యామ్. వెనక గదిలో ఉన్న బస్తాలు మీ హార్డ్ డిస్క్.

ఇప్పుడు కస్టమర్‌కి దోశ లేట్ అయింది. ఎవరి వల్ల? మాస్టర్ స్లో అయ్యుండొచ్చు. లేదా మాస్టర్ ఖాళీగా నిలబడి ఉన్నాడు, కౌంటర్ ఆయనే ఆర్డర్ చెప్పలేకపోతున్నాడు. లేదా ఇద్దరూ రెడీ, గట్టు మీద పిండి అయిపోయింది, కుర్రాడు వెనక గదికి పరిగెత్తాడు. మూడు చోట్లలో ఎక్కడైనా ఆగొచ్చు. కానీ మనం చేసేది ఏంటి? దోశ లేట్ అయింది అని మొత్తం టిఫిన్ సెంటర్‌నే కొత్తది కట్టేద్దాం అంటున్నాం. కొత్త ల్యాప్‌టాప్ అంటే అదే కదా.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక మాట ఉండేది. ఏదైనా స్లోగా ఉందంటే ఎవరూ అభిప్రాయం చెప్పకూడదు, ముందు కొలిచి చూపించాలి. గేమ్‌కి కూడా అదే రూల్. విండోస్ 10, 11లో విండోస్ కీ, జీ కలిపి నొక్కితే గేమ్ బార్ వస్తుంది. దాంట్లో పెర్ఫార్మెన్స్ అనే చిన్న బాక్స్ ఉంటుంది. దాన్ని గేమ్ మీద పిన్ చేసుకుని పది నిమిషాలు ఆడండి.

జీపీయూ 95, 100 పర్సెంట్ చూపిస్తుంటే మాస్టర్ అలిసిపోయాడు. గ్రాఫిక్స్ తగ్గిస్తే లాభం ఉంటుంది. జీపీయూ 50, 60 దగ్గర ఖాళీగా తిరుగుతూ, గేమ్ మాత్రం ఆగి ఆగి వస్తుంటే అనుమానం సీపీయూ మీద. ర్యామ్ 90 దాటి, డిస్క్ 100 కొట్టుకుంటూ, కారు స్పీడ్‌గా పోతుంటే ముందు రోడ్డే లోడ్ అవ్వట్లేదు అంటే, కుర్రాడు వెనక గదికి పరిగెడుతున్నాడు అని అర్థం. ఇంకో చిట్కా: రెజల్యూషన్‌ని బాగా తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ పెరిగితే సమస్య జీపీయూది. అస్సలు కదలకపోతే సీపీయూది. ఈ ఒక్క టెస్ట్ చాలామందికి డబ్బులు మిగులుస్తుంది.

ఇక రెజల్యూషన్ లెక్క. 1920×1080 అంటే ఒక్కో ఫ్రేమ్‌లో 20 లక్షల 73 వేల పైన పిక్సెల్స్. 1280×720 అంటే 9 లక్షల 21 వేలు. అంటే సగం కంటే తక్కువ. మాస్టర్ వెయ్యాల్సిన దోశలు సగానికి పైగా తగ్గిపోయాయి. మనలో చాలామంది చూసే ల్యాప్‌టాప్ స్క్రీన్ 15 అంగుళాలది. దాని మీద 720 కాస్త మెత్తగా కనిపిస్తుంది, నిజమే. కానీ రెండో మిషన్ మొదలయ్యేసరికి కన్ను అలవాటు పడిపోతుంది.

ఇక్కడే ఇంకో మంచి టెక్నిక్ ఉంది, అప్‌స్కేలింగ్. గేమ్‌ని చిన్న రెజల్యూషన్‌లో గీసి, ఒక తెలివైన లెక్కతో పెద్ద స్క్రీన్‌కి సాగదీస్తారు. ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్ దీనికే, కానీ దానికి ఆర్‌టీఎక్స్ కార్డ్ కావాలి. ఏఎండీ 2021 జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ అని రిలీజ్ చేసింది. దాని గొప్పతనం ఏంటంటే, కోడ్ ఓపెన్ సోర్స్, పైగా పాత కార్డుల మీద, పోటీ కంపెనీ కార్డుల మీద కూడా పనిచేస్తుంది. 1080 స్క్రీన్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ క్వాలిటీ మోడ్ పెడితే లోపల గేమ్ నడిచేది 720లోనే. గేమ్ మెనూలో ఆ ఆప్షన్ ఉంటే వాడుకోండి. ఫ్రేమ్ జనరేషన్ అని ఇంకోటి వినే ఉంటారు, రెండు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేమ్ సృష్టించేది. దాని జోలికి మాత్రం తొందరపడి పోకండి. ముందే 50, 60 వస్తున్నవాళ్ళకి అది బాగుంటుంది. 20 వస్తున్న మెషీన్‌లో ఆన్ చేస్తే నంబర్ పెరుగుతుంది కానీ, మీరు బటన్ నొక్కినదానికీ స్క్రీన్ మీద జరిగేదానికీ మధ్య లేట్ పెరుగుతుంది. చూడ్డానికి స్మూత్, ఆడ్డానికి బురదలో నడిచినట్టు.

ఇప్పుడు సెట్టింగ్స్. అన్నీ లో పెట్టేయడం కాదు, ఏది దేన్ని తింటుందో తెలిసి తగ్గించాలి. జీటీఏ 5నే తీసుకుందాం, మీ అందరికీ తెలిసిన గేమ్. మొదట ఎంఎస్‌ఏఏ ఆఫ్. గీతల అంచులు నున్నగా చేసే పని అది, చాలా ఖరీదైన సోకు. రెండోది గ్రాస్ క్వాలిటీ. సిటీలో తిరుగుతుంటే బాగానే నడిచి, ఊరి బయటికి కొండల్లోకి పోగానే ఎఫ్‌పీఎస్ ఢామ్ అంటుంది కదా? గడ్డి వల్ల. నార్మల్‌లో పెట్టండి. మూడోది షాడోస్, రిఫ్లెక్షన్స్, రెండూ కిందికి. నాలుగోది అడ్వాన్స్‌డ్ గ్రాఫిక్స్ పేజీలో ఉన్నవన్నీ ఆఫ్. ఇవన్నీ మాస్టర్ పని తగ్గించేవి.

పాపులేషన్ డెన్సిటీ, డిస్టెన్స్ స్కేలింగ్ ఉన్నాయి చూడండి, వాటి బరువు ఎక్కువగా సీపీయూ మీద పడుతుంది. రోడ్డు మీద ఎన్ని కార్లు, ఎంతమంది మనుషులు, వాళ్ళు ఎటు నడవాలి అనేది కౌంటర్ ఆయన లెక్క. మీ టెస్ట్‌లో సీపీయూ దగ్గర ఆగింది అని తేలితే వీటిని తగ్గించండి. అది తేలకుండా షాడోస్ ఎంత తగ్గించినా ఉపయోగం లేదు. టెక్స్చర్స్ మాత్రం ఇంకో కథ. వీడియో మెమరీలో పట్టినంతవరకూ టెక్స్చర్ క్వాలిటీ వల్ల స్పీడ్ పెద్దగా పోదు. పట్టకపోతే ఒక్కసారిగా కుదుపులు మొదలవుతాయి. ఆ గేమ్ మెనూలో పైన వీడియో మెమరీ ఎంత వాడుతున్నారో ఒక బార్ కనిపిస్తుంది. దాన్ని దాటకుండా ఉండండి.

ఇంకో మాట, 2025 మార్చిలో పీసీకి జీటీఏ 5 ఎన్‌హాన్స్‌డ్ వెర్షన్ వచ్చింది. అది ఎస్‌ఎస్‌డీ అడుగుతుంది, కొత్త కార్డ్ అడుగుతుంది. పాతది లెగసీ అనే పేరుతో విడిగా ఉంది. పాత మెషీన్ ఉన్నవాళ్ళు ఇన్‌స్టాల్ చెయ్యాల్సింది ఆ లెగసీనే. పేరు చూసుకోకుండా డౌన్‌లోడ్ పెట్టి డేటా వేస్ట్ చేసుకోవద్దు.

మెనూలో ఉన్నదానికంటే ఇంకా కిందికి వెళ్ళాలంటే సెట్టింగ్స్ ఫైల్ ఉంటుంది. చాలా గేములు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోనో, యాప్‌డేటాలోనో ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ పెట్టుకుంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి నంబర్లు మార్చొచ్చు. లోస్పెక్‌గేమర్ అని ఒక యూట్యూబ్ ఛానల్ చాలా ఏళ్ళు ఈ ఒక్క పని మీదే ప్రపంచం మొత్తానికి పాఠాలు చెప్పింది. మీరు చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, మార్చేముందు ఆ ఫైల్‌ని కాపీ చేసి పక్కన పెట్టుకోండి. రెండు, ఆన్‌లైన్ పోటీ గేముల్లో ఫైల్స్ కెలకొద్దు, చీటింగ్ అనుకుని అకౌంట్ బ్యాన్ చెయ్యొచ్చు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఫ్రీ. ఇక కొద్దిగా ఖర్చయ్యేవి.

గ్రాఫిక్స్ కార్డ్ లేని ల్యాప్‌టాప్‌లో జీపీయూకి సొంత మెమరీ ఉండదు. మాస్టర్, కౌంటర్ ఆయన ఇద్దరూ ఒకే గట్టు వాడుకోవాలి. అంటే గేమ్ స్పీడ్ మీ ర్యామ్ స్పీడ్ మీద ఆధారపడి ఉంటుంది. తక్కువ రేటు ల్యాప్‌టాప్‌లలో కంపెనీలు ఏం చేస్తాయంటే, రెండు స్లాట్లు ఉన్నా ఒకే ఒక్క 8 జీబీ స్టిక్ పెట్టి అమ్ముతాయి. డీడీఆర్4 3200 స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకి గరిష్ఠంగా 25.6 జీబీ డేటా వెళ్తుంది. రెండు స్టిక్కులు ఉంటే 51.2 జీబీ. జీటీఎక్స్ 1650 లాంటి చిన్న కార్డ్‌కే సొంతంగా 128 జీబీ దారి ఉంటుంది, దాంతో పోలిస్తే మనది ఎలాగూ సందే. కానీ ఆ సందులో సగం మూసేసి ఉంచడం ఎందుకు? టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్, మెమరీ చూడండి. స్లాట్స్ యూజ్డ్ దగ్గర రెండింటిలో ఒకటి అని ఉంటే మీకు అవకాశం ఉన్నట్టే. కొన్ని మోడల్స్‌లో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, కాబట్టి కొనేముందు మోడల్ నంబర్ చూపించి అడగండి. ఈమధ్య కొత్త ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి, అందుకే సెకండ్ హ్యాండ్ కూడా చూడండి. హైదరాబాద్ వాళ్ళకి సికింద్రాబాద్ సీటీసీ ఉంది. షాపులో పెట్టించి, ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో రెండు స్లాట్లూ కనిపించాకే డబ్బులివ్వండి.

రెండోది ఎస్‌ఎస్‌డీ. దీనివల్ల ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగదు. ఆ మాట ముందే చెప్తున్నా, ఎవరైనా పెరుగుతుంది అంటే నమ్మొద్దు. కానీ లోడింగ్ తగ్గుతుంది, రోడ్డు మాయమవడం, మధ్యలో కుదుపులు తగ్గుతాయి. పైగా చదువుకి, ప్రాజెక్టులకి కూడా ల్యాప్‌టాప్ కొత్తదిలా అనిపిస్తుంది.

మూడోది వేడి. ఇది మన దగ్గర అందరూ మర్చిపోయే విషయం. గేమ్ మొదటి పది నిమిషాలు బాగా నడిచి, తర్వాత పడిపోతోందా? అది వేడి. చిప్ ఒక హద్దు దాటి వేడెక్కితే తనని తాను కాపాడుకోడానికి స్పీడ్ తగ్గించేసుకుంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండే ఎండ గుర్తు చేసుకోండి. బయట గాలే 45 డిగ్రీలుంటే, ఆ గాలితో ఫ్యాన్ దేన్ని చల్లబరుస్తుంది? దానికి తోడు మనం మంచం మీద, దుప్పటి మీద పెట్టుకుని ఆడతాం. కింద గాలి పోయే కన్నాలన్నీ మూసుకుపోతాయి. గట్టి బల్ల మీద పెట్టండి. వెనకవైపు రెండు పుస్తకాలో, రెండు సీసా మూతలో పెట్టి కొంచెం ఎత్తండి. నాలుగేళ్ళు దాటిన ల్యాప్‌టాప్ అయితే తెలిసిన షాపులో దుమ్ము దులిపించి, థర్మల్ పేస్ట్ మార్పించండి. ఛార్జర్ పెట్టే ఆడండి, బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు పవర్ తగ్గించేస్తాయి. వీలైతే పొద్దున్నే చల్లటి వేళ ఆడండి. నవ్వకండి, నిజంగా తేడా ఉంటుంది.

ఇక్కడ మీకొక కథ చెప్పాలి. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు చాలా ఇష్టమైన కథ, జరిగింది.

జీటీఏ ఆన్‌లైన్ అంటే ఒకప్పుడు లోడింగ్‌కి పెద్ద జోక్. ఓపెన్ చేసి వెళ్ళి టీ పెట్టుకుని రావొచ్చు. ఏళ్ళ తరబడి అందరూ అనుకున్నది ఒకటే, "మన సిస్టమ్ పాతది కదా, అందుకే." 2021 ఫిబ్రవరి చివర్లో ఒక ప్లేయర్, కంపెనీకి ఏ సంబంధం లేనివాడు, కూర్చుని కొలిచాడు. అతని దగ్గర ఉన్నది కూడా పాత ఏఎండీ ప్రాసెసర్, 2012 నాటి మోడల్. లోడింగ్‌కి ఆరు నిమిషాలు. ఆ టైమ్‌లో నెట్ వాడట్లేదు, డిస్క్ వాడట్లేదు, జీపీయూ వాడట్లేదు. సీపీయూలో ఒక్క కోర్ మాత్రం ప్రాణం పోయేలా పనిచేస్తోంది. ఏం చేస్తోంది అని లోపలికి తొంగిచూశాడు.

గేమ్‌లో కొనుక్కునే వస్తువుల లిస్ట్ ఒకటుంది. 10 ఎంబీ టెక్స్ట్ ఫైల్, అందులో దాదాపు 63 వేల వస్తువులు. ఆ ఫైల్ చదివే కోడ్, ఒక్కో ముక్క చదివిన ప్రతిసారీ "ఇంకా ఎంత మిగిలింది" అని చివరిదాకా లెక్కపెట్టి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకో ముక్క చదువుతోంది. అంటే మీరు ఒక పుస్తకంలో ఒక్కో మాట చదివాక, మిగిలిన పేజీలన్నీ లెక్కపెట్టి మళ్ళీ తర్వాతి మాట చదివినట్టు. అది చాలదన్నట్టు, ప్రతి వస్తువునీ లిస్ట్‌లో చేర్చేముందు, ఇది ఇంతకుముందు వచ్చిందా అని అప్పటికే ఉన్న ప్రతిదానితో పోల్చుతోంది. 63 వేలకి అది దాదాపు 198 కోట్ల పోలికలు. అతను ఈ రెండింటినీ సరిచేసి చూస్తే ఆరు నిమిషాలు కాస్తా ఒక నిమిషం 50 సెకన్లు అయింది. ఆ వివరాలు రాసి బయటపెట్టాడు. రాక్‌స్టార్ కంపెనీ నిజమే అని ఒప్పుకుని, మార్చిలో అప్‌డేట్ ఇచ్చి, అతనికి 10 వేల డాలర్ల బహుమతి ఇచ్చింది.

ఆలోచించండి. ఎంతమంది ఈ లోడింగ్ కోసం కొత్త ప్రాసెసర్ కొని ఉంటారు? ఎంతమంది "నా సిస్టమ్ పనికిరాదు" అని సిగ్గుపడి ఉంటారు? తప్పు సిస్టమ్‌ది కాదు. అందుకే చెప్తున్నా, ఏదైనా స్లోగా ఉంటే మీ పేదరికం వల్ల అని ముందే తీర్మానం చేసుకోవద్దు. కొలవండి.

దీనికి రెండో వైపు కూడా చూడండి. ఇదే జీటీఏ 5 మొదట 2013లో వచ్చింది ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 మీద. వాటిలో మొత్తం మెమరీ ఎంతో తెలుసా? 512 ఎంబీ. జీబీ కాదు, ఎంబీ. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో దానికి చాలా రెట్లు ఉంటుంది. అంత పెద్ద సిటీని అందులో ఇరికించారు. 2019లో విచర్ 3 గేమ్‌ని నింటెండో స్విచ్‌కి తెచ్చారు, 4 జీబీ ర్యామ్ ఉన్న చేతి మెషీన్‌కి. చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు రెజల్యూషన్ 540, గేమ్ మొత్తం 32 జీబీ కార్ట్రిడ్జ్‌లో పట్టించారు. పిండి కొద్దీ రొట్టె అంటారు కదా. కోట్ల కంపెనీలు కూడా గడ్డి తగ్గించి, నీడలు తగ్గించి, 30కి లాక్ చేసి అమ్మాయి. మీరు మీ ల్యాప్‌టాప్‌లో చేసేది అదే పని. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

అలాగని అన్నీ నడుస్తాయని నేను చెప్పను. గోడ ఉన్నచోట గోడ ఉందనే చెప్పాలి. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025 మేలో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్, రెండూ రే ట్రేసింగ్ చేసే హార్డ్‌వేర్ ఉంటేనే మొదలవుతాయి. సెట్టింగ్స్ ఎంత తగ్గించినా లాభం లేదు, ఆ భాగమే మీ చిప్‌లో లేదు. చిత్రం ఏంటంటే, 1993లో వచ్చిన మొదటి డూమ్‌లో, కంప్యూటర్ స్లో అయితే ఆట కనిపించే డబ్బాని చిన్నది చేసుకోడానికి, క్వాలిటీ తగ్గించుకోడానికి కీబోర్డ్‌లో బటన్లే ఇచ్చారు. కాలం మారింది. కాబట్టి ఏ గేమ్ అయినా డౌన్‌లోడ్ పెట్టేముందు మినిమం రిక్వైర్‌మెంట్స్‌లో "రే ట్రేసింగ్ తప్పనిసరి", "ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి" లాంటి మాటలు ఉన్నాయేమో చూడండి. స్పీడ్ తక్కువైతే సర్దుకోవచ్చు, ఫీచరే లేకపోతే సర్దుకోలేం.

ఆ గోడ దగ్గర తల బాదుకునే బదులు పక్కన తలుపులు చాలా ఉన్నాయి. పోర్టల్ 2, స్టార్‌డ్యూ వ్యాలీ, హాలో నైట్, సెలెస్ట్. వీటికి పెద్ద కార్డులు అక్కర్లేదు, కానీ ఆడినవాళ్ళు ఏళ్ళ తరబడి మర్చిపోరు. సేల్స్‌లో రేట్లు బాగా తగ్గుతాయి. ఎపిక్ స్టోర్‌లో ఫ్రీగా ఇచ్చే గేములు కూడా చూస్తూ ఉండండి. 2020 మేలో జీటీఏ 5నే ఫ్రీగా ఇచ్చారు.

ఫ్రీ అంటే గుర్తొచ్చింది. క్రాక్ ఫైల్స్. "ముందు యాంటీవైరస్ ఆఫ్ చెయ్యండి" అని మొదటి లైన్‌లోనే రాసి ఉంటుంది చూశారా? దొంగ వచ్చి, ముందు కుక్కని కట్టేయండి అన్నట్టు. మీ ఇంట్లో ఆ ల్యాప్‌టాప్ మీది ఒక్కరిదే కాదు. అదే బ్రౌజర్‌లో అక్క స్కాలర్‌షిప్ లాగిన్ ఉంటుంది, నాన్న బ్యాంక్ అకౌంట్ తెరిచి ఉంటారు, మీ ఇన్‌స్టా ఉంటుంది. సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు ఎత్తుకెళ్ళే ప్రోగ్రాములు ఇలాంటి ఫైల్స్‌లోనే దాక్కుని వస్తాయి. ఐదొందల గేమ్ కోసం ఇంట్లోవాళ్ళ అకౌంట్ పణంగా పెట్టొద్దు.

చివరిగా ఒక మెసేజ్ గురించి. డిప్లొమా చదివే ఒక తమ్ముడు రాశాడు. "అన్నా, మా నాన్న ఆటో నడుపుతారు. 75 వేల ల్యాప్‌టాప్ ఈఎంఐలో తీసిస్తానన్నారు. చదువుకోసం అని చెప్పాను. నిజానికి గేమ్స్ కోసం. ఏది కొనమంటావు?"

నేను మోడల్ చెప్పలేదు. ఒక లెక్క చెప్పాను. 75 వేలు పన్నెండు నెలలకి పంచితే, వడ్డీ కలపకుండానే నెలకి 6,250. నాన్న ఆటోలో అది ఎన్ని రోజుల కిరాయో నీకే తెలుసు, నాకంటే బాగా తెలుసు. ముందు నీ ల్యాప్‌టాప్‌లో స్లాట్లు ఎన్ని ఉన్నాయో చూసి చెప్పు అన్నాను. రెండిట్లో ఒకటి ఖాళీ. డిస్క్ పాత హార్డ్ డిస్క్. వెనక కన్నాల్లో దుమ్ము. సెకండ్ హ్యాండ్ ర్యామ్ స్టిక్ ఒకటి, చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి వేయించుకుని, దుమ్ము దులిపించాడు. 720లో, నార్మల్ సెట్టింగ్స్‌లో, 20ల్లో కొట్టుకునే గేమ్ 30 దగ్గర నిలబడింది. మూడు వారాల తర్వాత మళ్ళీ మెసేజ్ పెట్టాడు. "అన్నా, నాన్నకి విషయం చెప్పేశాను. తిట్టలేదు. అయితే ఫైనల్ ఇయర్‌లో చూద్దాంలే అన్నారు." అంతే రాశాడు. నాకది చాలు.

కొత్త ల్యాప్‌టాప్ కొనడం తప్పని కాదు. త్రీడీ డిజైన్ నేర్చుకుంటున్నారు, వీడియో ఎడిటింగ్ మీద నాలుగు డబ్బులు వస్తున్నాయి, లేదా మీ జీతంతో మీరే కొనుక్కుంటున్నారు, అప్పుడు హ్యాపీగా కొనండి. కానీ అవసరం అని అబద్ధం చెప్పి, ఇంకొకరి కష్టం మీద కొన్న 120 ఎఫ్‌పీఎస్ కంటే, మీరు వారం రోజులు కూర్చుని, కొలిచి, సరిచేసి సాధించుకున్న 30 ఎఫ్‌పీఎస్ మీకు ఎక్కువ నేర్పిస్తుంది. ఇంటర్వ్యూలో "ఒక సిస్టమ్ స్లోగా ఉంది, ఏం చేస్తావు" అని అడుగుతారు. మీ దగ్గర నిజమైన సమాధానం ఉంటుంది.

సో, వరస మళ్ళీ ఒకసారి. ముందు కొలవండి. 30కి లాక్ చెయ్యండి. 720కి దించండి. షాడోస్, గడ్డి, ఎంఎస్‌ఏఏ తగ్గించండి. దుమ్ము, వేడి చూసుకోండి. స్లాట్ ఖాళీగా ఉంటే రెండో స్టిక్, కుదిరితే ఎస్‌ఎస్‌డీ. ఇవన్నీ అయ్యాక కూడా నడవకపోతే, అప్పుడు కొత్తదాని గురించి ఆలోచిద్దాం.

మీ ల్యాప్‌టాప్ ఏంటి, ఏ గేమ్ ఎంత ఎఫ్‌పీఎస్‌తో నడుస్తోంది, ఏం మార్చాక ఎంత పెరిగింది, కామెంట్స్‌లో రాయండి. మీ కాన్ఫిగరేషనే ఉన్న ఇంకో తమ్ముడికో చెల్లికో అది పనికొస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ కోసం ఇంట్లో అలిగి కూర్చున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, ఈ ఎపిసోడ్ వాళ్ళకి షేర్ చెయ్యండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఛార్జర్ పెట్టే ఆడండి, దుప్పటి మీద మాత్రం వద్దు. బై ఫ్రెండ్స్.